ఈ మధ్య చదివిన నవలలు: మనిషి ఏం చేసి బతుకుతున్నాడో చెప్పని పుస్తకం నాకు ఎక్కట్లేదు

చెరువుకట్ట · ఆదివారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. బదిలీ మీద మార్కాపురం వచ్చాక సాయంత్రాలు ఖాళీగా ఉంటున్నాయి. ఇంట్లోవాళ్ళు ఒంగోల్లోనే. దాంతో చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ నవలల మీద పడ్డాను. పద్ధతీ పాడూ లేదు, దొరికింది దొరికినట్టు చదివేశా. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’, వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టిమనిషి’, పెద్దింటి అశోక్ కుమార్ ‘జిగిరి’, బిభూతిభూషణ్ బందోపాధ్యాయ ‘వనవాసి’ (సూరంపూడి సీతారాం అనువాదం), నవీన్ ‘అంపశయ్య’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’. ఆఖరిది రెండోసారి.

వీటిలో కొన్నిటికి రాత్రి అన్నం కూడా లేటైంది. ‘అంపశయ్య’ లాంటివి కొన్ని దిండు పక్కన పడి మూలిగాయి. గొప్ప పుస్తకం అని పేరున్నవి మూలగడం, నేను పెద్దగా ఆశ పెట్టుకోనివి పరిగెత్తడం ఎందుకా అని ఆలోచిస్తే నాకు తోచింది చెప్తాను. తిట్టాలనుకుంటే తిట్టండి.

మనిషి పొద్దున లేచి ఏం చేస్తాడు, దేనితో పొట్ట పోసుకుంటాడు, ఆ పనిలో అతనికి తెలిసిందేమిటి, మనకు తెలియనిదేమిటి. ఇది కనబడితే నాకు పుస్తకం ఎక్కుతోంది. లేకపోతే ఎంత బాగా రాసినా పాత్రలు గాల్లో నడుస్తున్నట్టు ఉంటోంది.

‘అతడు అడవిని జయించాడు’ చూడండి. పందుల్ని మేపుకునే ముసలాయన, ఈనడానికి అడవిలోకి పోయిన పంది, దాని వాసన పట్టిన నక్కలు, ఒక్క రాత్రి. అంతే కథ. తన చేత్తో గంజి పోసి పెంచిన పందే, ఈనాక అతన్ని దగ్గరకు రానివ్వదు. అది ఎప్పుడు ఉరుకుతుంది, ఎంత దూరంలో ఆగాలి, ఏ చెట్టెక్కితే ఏం కనబడుతుంది అన్నది అతనికి తెలుసు. ఆ తెలిసినదాని మీదే పుస్తకమంతా నడుస్తుంది. పందిని ఎప్పుడూ దగ్గరగా చూడని నేను కూడా ఆ రాత్రంతా ఆయన పక్కనే ఉన్నాను.

‘వనవాసి’ ఇంకో రకం. అడవి అందం గురించిన పుస్తకం అని విని తెరిచాను. నన్ను పట్టేసింది మాత్రం సత్యచరణ్ చేసే ఉద్యోగం. కలకత్తాలో పనిలేక తిరిగే కుర్రాడు బీహారు అడవుల్లో ఎస్టేటు మేనేజరుగా వస్తాడు. ఆ అడవిని ముక్కలు చేసి రైతులకు కౌలుకు ఇవ్వడమే అతని డ్యూటీ. వెన్నెల్లో గుర్రం మీద తిరుగుతూ ఏ అడవిని చూసి మైమరిచిపోతాడో, పొద్దున ఎస్టేటు కచేరీలో కూర్చుని దాన్నే కొలిపించి నరికిస్తాడు. బిభూతిభూషణ్ కూడా భాగల్పూర్ వైపు ఎస్టేటు పని చేసినవాడే కాబట్టి ఆ లెక్కలూ, కౌలుదార్ల బేరాలూ, అన్నం మెతుకు కోసం వానలో తడుస్తూ నడిచొచ్చే జనమూ అన్నీ తెలిసి రాశాడు. యుగళప్రసాద్ అనే ఆయనొకడున్నాడు, ఎక్కడెక్కడి పూలమొక్కలో, విత్తనాలో తెచ్చి, ఎవరూ చూడని అడవిలో నాటుతుంటాడు. పైసా రాదు. మేనేజరు ఒకపక్క నరికిస్తూ ఇంకోపక్క ఈయనతో కలిసి నాటిస్తాడు. ఇంతకంటే నిజమైన ఉద్యోగస్తుణ్ణి నేను నవలల్లో చూళ్ళేదు.

ఇక ‘చివరకు మిగిలేది’. ఆ వాక్యాలు ఎవరు రాయగలరండీ, ఒప్పుకుంటా. కానీ దయానిధి డాక్టరు. పుస్తకం మూశాక అతని మాటలు బోలెడు గుర్తున్నాయి, అతని చేతి కింద ఒక్క రోగి మొహం గుర్తులేదు.

నాది బ్యాంకు ఉద్యోగం. బంగారం తాకట్టు కౌంటరు పక్కనే నా సీటు. అప్రైజరు గీటురాయి మీద గీసి, ఆసిడ్ చుక్క వేసి, గీత రంగు చూస్తుంటాడు. కమ్మలో రాళ్ళకు ఎంత, లోపలి లక్కకు ఎంత అని తరుగు తీస్తాడు. ఎదురుగా కూర్చున్న ఆవిడ కళ్ళు కమ్మల మీద ఉండవు, ఆయన పెదాల మీద ఉంటాయి. నోటి లెక్క ఎక్కడ ఆగుతుందా అని. ఇది ఏ నవలలోనైనా ఉంటే చెప్పండి, రేపే కొంటాను.

---

కోనసీమ కుర్రోడు · ఆదివారం, రాత్రి 10:15

చెరువుకట్ట గారూ, ‘ఏడు తరాలు’ చదివారాండీ? అలెక్స్ హేలీది, సహవాసి తెలుగు చేశారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్ళు వేశారు. అందరూ ఆఫ్రికా నుంచి బానిసగా పట్టుకొచ్చిన కుంటా కింటే గురించే చెప్తారు. నాకైతే కోడి జార్జి. బానిస, కానీ పందెం కోళ్ళని తయారుచెయ్యడంలో వాణ్ణి మించినోడు లేడు. దొర వాడి చేతిపని మీద బతుకుతుంటాడు. చివరికి పెద్ద పందెంలో దొర ఓడిపోతే కోడి పోయినట్టే జార్జీ పోతాడు, ఇంగ్లండు పంపించేస్తారు.

మాది సంక్రాంతికి బరులు కట్టే ఊరు. పుంజుకి ఏం మేపాలో, ఎప్పుడు ఈత కొట్టించాలో, దెబ్బ తగిలితే ఏం చెయ్యాలో తెలిసినాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. పుంజు వాళ్ళది కాదు, పందెం వాళ్ళది కాదు. గెలిస్తే మీసం తిప్పేది వేరేవాడు. ఈ పుస్తకం చదివాక ఆళ్ళని చూసే చూపు మారిపోయిందండీ నాకు.

తెలుగులో కుదించారని తర్వాత తెలిసింది. ఇంగ్లీషు పుస్తకం దిండంత ఉంది. కోళ్ళ సంగతులు అందులో ఇంకా చాలా ఉన్నాయి. ఓపిక ఉంటే అదీ చూడండి.

---

పుస్తకప్రియ_99 · ఆదివారం, రాత్రి 10:31

పీడీఎఫ్ ఉందా?

---

అరుగు పెద్ద (మోడరేటర్) · ఆదివారం, రాత్రి 10:40

లేదు. ఉన్నా ఇక్కడ పెట్టకూడదు. నియమాలు పైనే అంటించి ఉన్నాయి. చర్చ కొనసాగించండి.

---

ఓరుగల్లు పోరడు · ఆదివారం, రాత్రి 11:08

చెరువుకట్టన్నా, ‘జిగిరి’ పేరు రాసి వదిలేసినవ్, దాని గురించి ఒక్క ముక్క రాయకపోతివి. గది తప్పదు, నేనే రాస్త.

ఎలుగుబంటిని ఆడిచ్చుకుంట బతికే ఇమాం, ఆయన భార్య బీబమ్మ, కొడుకు చాంద్. ఎలుగు పేరు షాదుల్. సిన్నప్పటి సంది కొడుకు లెక్కనే పెంచిండ్రు. గిప్పుడు ఎలుగును ఆడిచ్చుడు నేరమన్నరు. భూమి దక్కాల్నంటే దాన్ని వదిలిచ్చుకోవాలె. కొడుకేమో భూమి కావాలంటడు, తండ్రి పానం షాదుల్ మీద. నీ సిద్ధాంతం గీ పుస్తకానికి సరిగ్గ అతుకుతది, ఎందుకంటే పని పోయినంక మనిషేమైతడు అన్నదే కథ.

కని అన్నా, నాకొక తకరారు ఉన్నది. పని సూపెడితె సాలదు. ఆ పనికి కూలెవ్వడు ఎగ్గొడుతుండో గూడ సూపెట్టాలె. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ సదువు. అండ్ల దొర ఉండే గడీల పనిజేసేటోళ్లకు కూలే లేదు. వెట్టి. గడీల దాసిగ ఉండే ఆడబాపకైతే తన పెయ్యి మీద గూడ హక్కు లేదు. కరణం, దొర ఇద్దరు కలిసి కాయితాల మీద భూములెట్ల మింగుతరో రంగాచార్య వరుసబెట్టి రాసిండు. నువ్వు బ్యాంకుల ఉంటవ్ గనక నీకు గది బాగ సమజైతది.

ఇగ వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’. ఆయన ముందుగాల ఇండ్లల్ల వంటజేసి బతికినోడు. తర్వాత దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంట ఊరూరు తిరిగి అమ్మిండు. జైలుకు పోయిండు. అసొంటి మనిషి రాసిన నవలల ఊరు, దొర, వెట్టి, మతం మార్పిడి, సంఘం అన్ని ఒకదాని ఎనుక ఒకటి వస్తయి. శిల్పం గిల్పం అని ఎతకకు, నిరాశపడతవ్. ఊరెట్ల నడుస్తదో సూడు.

---

టెక్సాస్ గాలి · సోమవారం, ఉదయం 7:20

ఇక్కడ ఇంకా ఆదివారం సాయంత్రమే. వంట చేస్తూ చదివాను, టమాటా పప్పు అడుగంటింది. పాపం ఈ థ్రెడ్‌దే.

నేను అవతలి పక్షం. రెండు కారణాలు.

మొదటిది, పని ఎక్కువైతే ఏమవుతుందో తెలియాలంటే మెల్విల్ ‘మోబీ డిక్’ చదవండి. 1851 నాటిది. ఆఫీసుకు డ్రైవింగులో ఆడియో పెట్టుకుని విన్నాను. తిమింగలాన్ని ఎలా పొడుస్తారు, కొవ్వు ఎలా ఒలుస్తారు, నూనె ఎలా కాస్తారు, తాళ్ళెన్ని రకాలు... అధ్యాయాలకు అధ్యాయాలు. కొన్ని అద్భుతం. కొన్నిటికి నేను ఎగ్జిట్ దాటిపోయాను. కథ కోసం కూర్చున్నవాడికి ఇంత పాఠం ఎందుకు?

రెండోది, లోపలి బతుకు కూడా బతుకే. ‘అంపశయ్య’ మీకు మూలిగింది అన్నారు. ఉస్మానియా హాస్టల్లో రవి అనే కుర్రాడి ఒక్క రోజు. వాడికి పని లేదని ఎలా అంటారు? పేద పిల్లాడు, జేబులో డబ్బుల్లేవు, నెత్తి మీద పరీక్ష, చుట్టూ ఉన్నవాళ్ళ ముందు చిన్నబోతానేమో అని భయం. చదువుకునే రోజుల్లో మన బుర్ర నిజంగా అలాగే కొట్టుకుంటుంది. ఆ కొట్టుకోవడమే వాడి పని. ఇక ‘అసమర్థుని జీవయాత్ర’ సంగతేమిటి? సీతారామారావు ఏ పనిలోనూ నిలవలేకపోవడమే ఆ నవల. గోపీచంద్ అతనికో మంచి ఉద్యోగం ఇప్పించి దాన్ని వర్ణించి ఉంటే మనకు ఆ పుస్తకమే ఉండేది కాదు.

దయానిధి విషయంలో కూడా మీరు అన్యాయం చేస్తున్నారు. తల్లి గురించి ఊరు అనే మాటలు ఆ మనిషిని ఎక్కడికి వెళ్ళినా వెంటాడతాయి. రోగి నాడి చూస్తున్నా అతని చెవిలో అవే ఉంటాయి. అతని చేతి కింద రోగి మొహం మీకు గుర్తులేకపోవడం బహుశా అతనికీ గుర్తులేకపోవడం వల్లే.

---

కమలాఫలం · సోమవారం, మధ్యాహ్నం 1:25

స్టాఫ్ రూములో కూర్చుని రాస్తున్నాను, బెల్లు కొట్టేలోపు చెప్పాల్సింది చెప్పేస్తా.

చెరువుకట్ట గారి జాబితా చూశాను. పందుల కాపరి, ఎస్టేటు మేనేజరు, ఎలుగును ఆడించేవాడు, సాంబయ్య రైతు. కోనసీమ కుర్రోడి పందెం కోళ్ళు. టెక్సాస్ వారి తిమింగలం. బాగుంది. అన్నీ ఇంటి గడప అవతల జరిగే పనులే, చేసేదంతా మగవాళ్ళే. తిమింగలం దాకా వెళ్ళారు గానీ పొయ్యి దాకా ఎవరూ రాలేదు.

‘మట్టిమనిషి’ మీరూ చదివారు కదా. సాంబయ్య ఎకరం ఎకరం కూడబెట్టాడు అంటాం. ఆయన పొలంలో ఉన్నంతసేపూ ఆ ఇంటి చాకిరీ, గొడ్ల చాకిరీ ఎవరిది? కోడలు వరూధిని పట్నం పోదాం అన్నదని, భూములు అమ్మించిందని పాఠకులందరికీ ఆమె మీద కోపం. ఆ కోపం సీతాదేవి గారే రప్పించారు, కాదనను. అయితే ఆ ఇంట్లో ఆమె రోజంతా ఏం చెయ్యాలి అనే ప్రశ్న కూడా ఆవిడే పెట్టారు. మనం దాటేసి చదువుకున్నాం.

డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ మీలో ఎందరు చదివారు? 1957–58లో ‘తెలుగు స్వతంత్ర’లో ధారావాహికగా వచ్చింది. ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమాకు ఆధారం అదే. ఇందిరని అందరూ గడుసుది, స్వార్థపరురాలు అంటారు. ఆ పిల్ల ఉద్యోగం చేసి, చూపు సరిగా లేని తండ్రిని పోషిస్తోంది. ఆ తండ్రి ఆమె జీతం మీద కూర్చుని ఆమె మీదే పెత్తనం చేస్తాడు. ఇందిర నోటి నుంచి వచ్చే ప్రతి పదునైన మాట వెనకా ఒకటో తారీఖు జీతం ఉంది. అది చూడకుండా ఆ పాత్రని తూకం వెయ్యడం, మీ భాషలో చెప్పాలంటే, లక్క తియ్యకుండా కమ్మ తూచినట్టే. శ్రీదేవి గారు 1961లో, ముప్ఫైరెండేళ్ళకే పోయారు. ఆవిడ రాసిన ఒకే ఒక్క నవల ఇది. ఇంకో రెండు రాసి ఉంటే మన నవల దారి ఎలా ఉండేదో.

బెల్లు.

---

సీమ చింత · సోమవారం, సాయంత్రం 6:50

మాది కడప పక్క పల్లె. నేను ఎక్కువ చదివినోణ్ణి కాదు, ఇక్కడ రాసేది కూడా తక్కువే. ‘కొండపొలం’ పేరు ఎవరూ ఎత్తలేదని రాస్తాండా.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిది. 2019లో తానా (అమెరికాలో తెలుగోళ్ళ సంఘం) పోటీలో బహుమతి వచ్చింది, 2021లో సినిమా తీసినారు. సినిమా సంగతి వదిలెయ్యండి. కరువు వచ్చి ఊర్లో మేత, నీళ్ళు లేకుంటే గొర్రెల్ని తోలుకోని నల్లమల ఎక్కుతారు. దాన్నే కొండపొలం అంటాం. మా మామ పోయినోడే. పుస్తకం ఆయనకు చదివి వినిపిచ్చినా. రాత్రిపూట మందని ఒకచోట ముడేసి, చుట్టూ నెగళ్ళు వేసుకోని, వంతులేసుకోని మేలుకోని ఉంటారు. పెద్దపులి వచ్చిందనేది కంటికి కనబడక ముందే గొర్రెలకు తెలుస్తాది, అవి ఒకదాంట్లో ఒకటి దూరిపోతాయి. మా మామ ఒకచోట ఆపి ‘మళ్ళీ చదువు’ అన్నాడు. మంద లెక్క చూసే చోటు. ఆయన ఎప్పుడూ ఒకటీ రెండూ అని ఎంచడు. మంద దాటతాంటే ఊరికే చూస్తాడు, తగ్గింటే తెలుస్తాది. ఏది తగ్గిందో గూడా తెలుస్తాది.

మీరు అడిగినారే, పనిలో వాళ్ళకు తెలిసింది మనకు తెలీనిది అని. అది ఈ పుస్తకం నిండా ఉంది. ఉద్యోగం దొరక్క అవమానపడిన పిల్లోడు కొండెక్కి ధైర్యం తెచ్చుకోని దిగేది మాత్రం నాకు కొంచెం సులువుగా అయిపోయినట్టు అనిపిచ్చింది. మా మామకు అదేమీ పట్టలేదు. గొర్రెలు ఎన్ని మిగిలినాయి అని అడిగినాడు.

---

బెంగుళూరు బాబాయ్ · సోమవారం, రాత్రి 8:05

సీమ చింత గారూ, తక్కువ రాస్తాను అంటూనే అందరికంటే బాగా రాశారు.

నేను ముప్ఫై ఏళ్ళుగా బెంగుళూరులో ఉంటున్నాను. కన్నడం చదవడం బోర్డులతో మొదలుపెట్టి, పేపరు దాటి, నవలల దాకా వచ్చాను. పూర్ణచంద్ర తేజస్వి ‘కర్వాలో’ ఈ థ్రెడ్ కోసమే రాసినట్టుంది. తేజస్వి మహాకవి కువెంపు కొడుకు. పట్నం వదిలి మూడిగెరె వెళ్ళి తోట వేసుకుని అక్కడే ఉండిపోయాడు. నవల తేనె కొనడానికి వెళ్ళడంతో మొదలవుతుంది. మందన్న అని ఒకడు, తేనెటీగల గురించి, అడవిలో పురుగూ పుట్రా గురించి వాడికి తెలియందంటూ లేదు. ఊళ్ళో మాత్రం పనికిమాలినవాడని పేరు. కర్వాలో అనే శాస్త్రవేత్త వాణ్ణి గురువులా చూస్తాడు. ఎగిరే బల్లి కోసం అందరూ కలిసి పశ్చిమ కనుమల్లో పడతారు. నవ్వుతూ నవ్వుతూ చదువుతాం, పుస్తకం చివరకొచ్చేసరికి నవ్వు ఆగిపోతుంది.

ఇంకొకాయన గురించి చెప్పాలి. శారద. అసలు పేరు నటరాజన్. తమిళ పిల్లాడు, పుదుక్కోట ప్రాంతంవాడు. తెనాలి వచ్చి హోటల్లో సర్వరుగా పనిచేస్తూ తెలుగు నేర్చుకుని తెలుగులోనే రాశాడు. పగలంతా బల్లలు తుడిచి, ప్లేట్లు మోసి రాత్రిళ్ళు రాసుకునేవాడు. ‘మంచీ చెడూ’, ‘ఏది సత్యం’, ‘అపస్వరాలు’ ఆయన నవలలు. 1955లో ముప్ఫై దాటీ దాటకుండానే పోయాడు. నేను పరాయి భాష నేర్చుకుని చదవడానికే ఇన్నేళ్ళు పట్టింది, ఆయన ఆకలి కడుపుతో రాశాడు. ఆయన పుస్తకాల్లో డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎలా వెళ్తోందో చూడండి. టీకొట్టు బల్ల దగ్గర నిలబడి ఊరిని చూసినవాడికి మాత్రమే తెలిసే సంగతులవి.

---

కోనసీమ కుర్రోడు · సోమవారం, రాత్రి 8:40

పోరడు అన్నా, ‘జిగిరి’ మొదలెట్టి వదిలేశాను ఒకసారి. యాస అడ్డం పడింది. ఏమనుకోకండేం.

---

ఓరుగల్లు పోరడు · సోమవారం, రాత్రి 8:52

ఏమనుకోను తమ్మీ. కని ఒకటి అడుగుత. మేము బడిల సేరిన కాడికెళ్లి మీ దిక్కు భాషనే సదువుతున్నం గద, మాకు అడ్డం పడలేదా? పడ్డది. దాటినం. నువ్వు ఇరవై పేజీలు ఓపిక పట్టు, ఇరవై ఒకటో పేజీ నుంచి షాదుల్ నిన్ను గుంజుకపోతది.

---

కోనసీమ కుర్రోడు · సోమవారం, రాత్రి 8:55

ఈసారి వదల్ను. ఒట్టు.

---

చెరువుకట్ట · సోమవారం, రాత్రి 10:20

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. పొద్దున్నుంచి క్లోజింగ్ గొడవలో ఉండి ఇప్పుడే కూర్చున్నాను.

టెక్సాస్ గాలి గారూ, సీతారామారావు విషయం మీరు బాగా పట్టుకున్నారు. కాకపోతే అది నా మాటకే సాయం వస్తోంది చూడండి. అతను పని చెయ్యలేకపోవడాన్ని గోపీచంద్ పూటపూటా చూపిస్తాడు. ఆస్తి ఎలా కరిగింది, ఎవరి దగ్గర చెయ్యి చాచాడు, భార్యను ఎంత సతాయించాడు. మనకు అతని ఖాతా పుస్తకం తెలుసు. ‘అంపశయ్య’లో మెదడు తెలుస్తుంది, మెదడే తెలుస్తుంది. అది కొందరికి చాలు, నాకు చాలట్లేదు. ఈ వయసులో ఇక మారతానని కూడా అనుకోను. తిమింగలం పుస్తకం మాత్రం తెప్పించుకుంటా. మీరు తిట్టిన తీరుకే నోరూరింది.

పోరడు తమ్ముడూ, కూలి ఎవడు ఎగ్గొట్టాడు అన్న ప్రశ్న నా మొదటి పోస్టులో ఉండాల్సింది. ‘వనవాసి’కి పెట్టి చూశాను. అక్కడి పేదల గురించి సత్యచరణ్ ఎంత కరుణగా రాసుకున్నా, వాళ్ళ కౌలు వెళ్ళేది ఎస్టేటు ఖజానాకే. జీతం తీసుకునేది ఇతను. ఆ సంగతి ఇతనికీ తెలుసు, అందుకే ఆ పుస్తకం మొదట్లోనే క్షమాపణ లాంటి మాటలతో మొదలవుతుంది. ‘చిల్లర దేవుళ్లు’ హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం పూట వెతుకుతా.

కమలాఫలం గారూ, గడప దెబ్బ గట్టిగానే తగిలింది. అయితే మీరే చెప్పండి, ఇంటి పనిని పనిగా చూపించిన నవల ఏది? అలిసిపోయింది, కన్నీళ్ళు పెట్టుకుంది లాంటివి వద్దు. ఏం చేసింది, ఎంతసేపు చేసింది, అందులో ఆమెకు తెలిసిందేమిటి అన్నది కావాలి.

---

కమలాఫలం · మంగళవారం, ఉదయం 6:10

మంచి ప్రశ్న, అందుకే కుక్కరు పెట్టి కూర్చున్నా.

రంగనాయకమ్మ గారితో మొదలుపెట్టండి. ‘స్వీట్ హోం’లో విమల, బుచ్చిబాబుల మధ్య సగం గొడవలు ఇంట్లో ఎవరు ఏం చెయ్యాలి అన్నదాని చుట్టూనే తిరుగుతాయి. నవ్విస్తూనే కాలు తొక్కుతుంది. ‘జానకి విముక్తి’లో ఆవిడ ఇక నవ్వించే పని పెట్టుకోలేదు. ఇంటి చాకిరీని, బయటి సంపాదనని పక్కపక్కన పెట్టి వాదిస్తుంది. కొన్నిచోట్ల నవల ఆగిపోయి ఉపన్యాసం నడుస్తుంది. నాకు విసుగొచ్చిన పేజీలున్నాయి, అయినా చదవాలి.

నవల కాకపోయినా పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథ చెప్పకుండా ఉండలేను. ఇల్లు అలికి అలికి తన పేరే మర్చిపోయిన ఇల్లాలు. మీరు అడిగిన ‘ఎంతసేపు చేసింది’కి జవాబు ఆ కథలో ఉంది, పేరు పోయేంతసేపు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. మీరడిగిన పద్ధతిలో, ఆ ముసలాయనకు పంది తెలిసినట్టు, పెళ్ళి పందిరి వెనక వంద మందికి పులిహోర కలిపే ఆవిడకి చేతికొలత ఎలా తెలుసో రాసిన పెద్ద నవల నాకు తగల్లేదు. మా అమ్మ కళ్ళు మూసుకుని ఉప్పు వేసేది. ఎసట్లో నీళ్ళ చప్పుడు విని బియ్యం ఎప్పుడు పొయ్యాలో చెప్పేది. నల్లమలలో మంద లెక్కకు ఇదేమీ తక్కువ కాదు. రాసేవాళ్ళు ఇంతవరకూ దాన్ని విద్య అనుకోలేదు, అంతే. ఎవరికైనా తగిలితే ఇక్కడ పెట్టండి. కథలు కాదు, నవల కావాలి.

---

సీమ చింత · మంగళవారం, ఉదయం 7:02

మేడమ్, మా మామ భార్య కూడా కొండకు సద్ది కట్టి పంపేది. ఎన్నిదినాలకు ఎంత పిండి కావాలనేది ఆమె లెక్కే. పుస్తకంలో అది లేదు. మీరు అడిగినాక తట్టింది.

---

బెంగుళూరు బాబాయ్ · మంగళవారం, ఉదయం 9:30

కల్యాణరావు ‘అంటరాని వసంతం’లో కొంత దొరకొచ్చు. ఆ కథంతా రూతు జ్ఞాపకంలోంచి నడుస్తుంది. ఎల్లన్న ఆట, పాట అందులో విద్యగా కనబడతాయి. కరువులో ఆడవాళ్ళు ఇల్లు ఈదిన తీరు కూడా. మీరడిగిన పులిహోర చేతికొలత ఉండదు గానీ, కలపడానికి ఏమీ లేని ఇల్లు ఉంటుంది.

---

టెక్సాస్ గాలి · మంగళవారం, ఉదయం 9:48

ఇదే నేను అనేది. కొన్ని ఇళ్ళలో చెప్పుకోవడానికి పని కంటే ఆకలే ఎక్కువ. అది లోపలి సంగతా, బయటి సంగతా?

---

ఓరుగల్లు పోరడు · మంగళవారం, ఉదయం 10:15

ఆకలి బయటిదే అన్నా. ఎవడో ఒకడు గింజలు ఎత్తుకపోతెనే ఆకలైతది.

---

కమలాఫలం · మంగళవారం, మధ్యాహ్నం 1:20

చెరువుకట్ట గారూ, మీ బ్యాంకు సంగతి మర్చిపోయాను. రావిశాస్త్రి ‘అల్పజీవి’ చదివారా? మా ఉత్తరాంధ్ర పుస్తకం. సుబ్బయ్య అని ఒక గుమాస్తా. ఎవరు గట్టిగా మాట్లాడినా వణికిపోతాడు. బావమరిది మెడ మీద కూర్చుంటే ఆఫీసుతో పని ఉన్న కాంట్రాక్టరు దగ్గర అప్పు చెయ్యాల్సి వస్తుంది. ఆ అప్పు అడగడానికి అతను పడే అవస్థ ఉంది చూడండి, మీ గీటురాయి కౌంటరు ముందు కూర్చున్న ఆవిడ చూపు అక్కడ దొరుకుతుంది మీకు. శాస్త్రిగారు ప్లీడరు, కోర్టు వరండాల్లో ఎవరి జేబులోకి ఎవరి చెయ్యి వెళ్తుందో రోజూ చూసినవాడు. టెక్సాస్ వారికీ నచ్చాలి, పుస్తకమంతా సుబ్బయ్య బుర్రలోనే నడుస్తుంది. మీ ఇద్దరికీ రాజీ కుదిరే పుస్తకం ఏదైనా ఉంటే ఇదే.

---

పుస్తకప్రియ_99 · మంగళవారం, మధ్యాహ్నం 1:24

దీనికైనా పీడీ

---

అరుగు పెద్ద (మోడరేటర్) · మంగళవారం, మధ్యాహ్నం 1:26

99 గారూ.

---

చెరువుకట్ట · గురువారం, రాత్రి 11:35

‘అల్పజీవి’ మా బ్రాంచిలో పాత అటెండరు గారింట్లో దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీ లేదు. నిన్న మొదలుపెట్టా. సుబ్బయ్య కాంట్రాక్టరు ముందు కూర్చుని నోరు పెగలక నీళ్ళు నమిలే చోటికి వచ్చాను. అప్పు అడిగేవాళ్ళని ఇన్నేళ్ళుగా కౌంటరు ఇవతల నుంచి చూస్తున్నాను గానీ, అవతల కుర్చీలో కూర్చోబెట్టింది ఈయనే. కమలాఫలం గారూ, ముగింపు చెప్పకండి.

---

కమలాఫలం · శుక్రవారం, ఉదయం 6:05

చెప్పను. అటెండరు గారింట్లో ఇంకేం పుస్తకాలున్నాయో ముందు అది రాయండి.